తిరిగి రాని వ్యాసం

ఇరవై ఆరేళ్ళు పామర్రులో ఒక హైస్కూలు లైబ్రరీ చూశాను. ఒక్క పుస్తకం పోలేదు. ఈ మాట విని విని మా ఇంట్లో వాళ్ళకి ఎంత విసుగొచ్చిందంటే, నేను "ఇరవై ఆరేళ్ళు" అనగానే మిగతాది వాళ్ళే పూర్తి చేసేస్తారు. చెప్పుకుంటే తప్పేముంది? పుస్తకానికి మొదటి పేజీలో స్కూలు స్టాంపు వేస్తాం కదా, అది కాకుండా లోపల ఇంకో రహస్య పేజీలో కూడా వేస్తాం. ఎవరైనా మొదటి పేజీ చింపేసి నాదే అంటే, ఆ లోపలి పేజీ తీసి మొహాన చూపించవచ్చు. ఆ పేజీ నంబరు హెడ్మాస్టరు గారికి కూడా తెలియదు. నా తర్వాత వచ్చినావిడ చెవిలో మాత్రం చెప్పి వచ్చాను.

నాకు ముక్కు మీద కోపం. పొద్దున్నే విజయవాడలో బస్సెక్కి, కంకిపాడు, ఉయ్యూరు దాటుకుంటూ, గంటన్నర కుదుపులు తిని బడికి చేరేసరికి ఎవరి మీద అరుద్దామా అన్నట్టు ఉండేదాన్ని. వరండాలో నా తాళాల గుత్తి చప్పుడు వినగానే పిల్లలు నోళ్ళు మూసుకునేవాళ్ళు. లోపలికి వచ్చాక అందరికీ ఒకటే రూలు. ఒక పిల్లకి ఒక పుస్తకం, పధ్నాలుగు రోజులు. తిరిగిచ్చాకే ఇంకొకరికి.

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, ఎప్పుడో మా బడిలో చదువుకున్నవాళ్ళు కొందరు కలిసి లైబ్రరీకి నాలుగు కంప్యూటర్లు కొనిచ్చారు. వాటితోపాటు ఒక ఆన్‌లైన్ డేటాబేస్ కూడా ఇప్పించారు. విజ్ఞాన సర్వస్వాలు, పత్రికలు, పరిశోధన వ్యాసాలు, అన్నీ హైస్కూలు పిల్లలకి పనికొచ్చేలా ఏరి ఒకచోట పెట్టింది అది. బయట వాళ్ళకి నాలుగు లైన్లు చూపించి ఆపేస్తుంది. లాగిన్ ఉన్నవాళ్ళకే మొత్తం తెరుచుకుంటుంది. బిగించడానికి వచ్చిన అబ్బాయి వైర్లు సర్దుకుంటూ, "ఒకటే లాగిన్ మేడమ్. ఎక్కువమంది ఒకేసారి ఎక్కితే లాక్ అయిపోద్ది, చూసుకోండి," అని చెప్పి వెళ్ళిపోయాడు. నా చెవిలో రెండు మాటలే మిగిలాయి. ఒకటే. లాక్.

నాకు తెలిసిన పద్ధతిలోనే జాగ్రత్త చేశాను. కంప్యూటర్లకి నంబర్లు వేశాను. నా పాత మంగళగిరి చీర ఒకటి కోసి నాలుగింటికీ గలీబులు కుట్టాను. స్టాంపు ఎక్కడ వెయ్యాలో తోచక, ఆఖరికి మౌసుల కింద వేశాను. పాస్‌వర్డు స్టాకు రిజిస్టరు చివరి పేజీలో రాసుకుని, వీపు అడ్డం పెట్టి నేనే కొట్టేదాన్ని. తర్వాత ఒక కొత్త లాంగ్‌బుక్కు తీసి, గీతలు గీసి, పైన పెద్దక్షరాలతో "ఆన్‌లైన్ వ్యాసాల ఇష్యూ రిజిస్టరు" అని రాశాను.

నవ్వకండి. ఏ పిల్లయినా తెర మీద ఒక వ్యాసం కావాలంటే దాని పేరు, ఆ పిల్ల పేరు, తేదీ అందులో రాసేదాన్ని. ఆ పిల్ల లైబ్రరీ పీరియడ్లో వచ్చి చదువుకుని, నోట్సు రాసుకుని, అయిపోయాక "రిటర్న్" గడిలో సంతకం పెట్టాలి. అప్పటిదాకా ఆ వ్యాసం ఇంకెవరూ తెరవకూడదు. ఒకళ్ళు చదువుతుంటే ఇంకొకళ్ళు తెరిస్తే మొత్తం లాక్ అయిపోతుందని నా భయం. పిల్లలు కూడా కిమ్మనలేదు. అగ్నిపర్వతాల మీద వ్యాసం కోసం ఏడో తరగతి వాళ్ళు ముగ్గురు నెలన్నర లైనులో ఉన్నారు. నేనంటే ఆ మాత్రం భయం ఉండేది మరి.

ఆ వేసవి ముందర ఒక బుధవారం, తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె నా టేబులు దగ్గరకొచ్చి నిలబడింది. రెండు జడలు, రిబ్బన్లు ఎప్పుడూ ఊడిపోతూ ఉండేవి. కాలవ చివరి ఊరు వాళ్ళది, సముద్రం వైపు. తండ్రి కౌలు రైతు. చేతిలో ఒక వ్యాసం పేరు రాసిన చీటీ ఉంది.

"మేడమ్, ఈ వ్యాసం మన దాంట్లో ఉందాండీ?"

రిజిస్టరు తిప్పాను. "ఉంది. ఇష్యూ అయిపోయింది. పదో తరగతి పిల్ల ప్రాజెక్టుకని తీసుకుంది. దానికి అమ్మవారు పోసి ఇంట్లో ఉంది. అది వచ్చి రిటర్న్ చేశాక నీ పేరు రాస్తాలే."

"వచ్చే శుక్రవారం మా నాన్న బోరు వేయిస్తన్నాడండీ."

"బోరుకీ వ్యాసానికీ ఏంటే సంబంధం?"

అప్పుడు చెప్పింది. వాళ్ళ చేలో చిన్న బోరు ఉంది, ఎక్కువ లోతు కాదు. కాలవకి నీళ్ళు వదిలేలోపు నారుమడికి ఆ బోరే ఆధారం. రెండేళ్ళుగా ఎండాకాలం వస్తే ఆ నీళ్ళు కాస్త ఉప్పగా మారుతున్నాయి. నారు కొసలు మాడుతున్నాయి. బోర్లు వేసేవాళ్ళు వచ్చి, ఇంతకి రెండింతల లోతు వెళితే తియ్యటి నీళ్ళు పడతాయని తండ్రికి నమ్మకంగా చెప్పారు. ఆయన సరేనన్నాడు. ఈ పిల్లకి మాత్రం అనుమానం. విజయవాడలో ఇంజనీరింగ్ చదివే పెదనాన్న కొడుకు ఫోనులో వెతికితే ఈ వ్యాసం దొరికింది. డెల్టా భూముల్లో నీళ్ళ గురించి రాసింది. ఫోనులో మొదటి నాలుగు లైన్లే కనపడ్డాయి.

నోట్సు తీసి చూపించింది. నాలుగు లైన్లూ తెలుగులోకి మార్చి గుండ్రంగా రాసుకుంది. డెల్టాలో లోతుకి వెళ్ళే ముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది అన్నంతవరకు వచ్చి ఆగిపోయింది. దాని కింద, అదే దస్తూరితో, ఎర్ర పెన్నుతో అడుగు గీత కూడా గీసి, "పూర్తి వ్యాసం చదవడానికి లాగిన్ అవ్వండి" అని రాసింది. నాకు నవ్వాగలేదు.

"మా నాన్న కూడా నవ్వాడండీ," అంది. "సగం మాట పట్టుకుని బోరు ఆపమంటావా, మిగతా సగం తీసుకురా, అప్పుడు చూద్దాం అన్నాడు. శుక్రవారం లోపల తీసుకెళ్తే ఆపుతాడండీ."

అయ్యో పాపం అనిపించింది. అనిపిస్తే? ఇంకొకరి పేరు మీద ఉన్నది తీసి ఇవ్వడం నా ఒంట్లో లేదు. "తిరిగి రానీ, వెంటనే నీకే ఇస్తాను, నాదీ పూచీ," అని పంపించేశాను.

సోమవారం మళ్ళీ వచ్చింది. ఈసారి కాస్త దూరంగా నిలబడింది.

"మేడమ్, కోప్పడకండేం. అది పుస్తకంలాగా ఒకళ్ళ దగ్గరే ఉండదంటండీ. ఎంతమంది చదివినా అక్కడే ఉంటదంట. మా అన్నయ్య చెప్పాడు."

ఒంటికాలి మీద లేచాను. "మీ అన్నయ్యా నాకు నేర్పేది? ఇరవై నాలుగేళ్ళ నుంచి లైబ్రరీ చూస్తన్నాను! అంత తెలిసినోడైతే మీ అన్నయ్యనే తెచ్చిమ్మను, ఫో!" అన్నాను. పక్క గదిలో లెక్కల మాస్టారు పాఠం ఆపి తొంగిచూశారు. పిల్ల మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు అబద్ధం చెప్పి ఏం చేసుకుంటాను? అది చెప్పింది నిజమేనని ఆ సాయంత్రమే నాకు తెలిసిపోయింది. బస్సులో కూర్చుని ఫోను తీస్తే మా చర్చి గ్రూపులో ఆ రోజు వాక్యం వచ్చి ఉంది. నాకొచ్చింది, నా పక్క సీట్లో కూర్చున్న మా చర్చి ఆవిడకీ వచ్చింది. ఇద్దరం ఒకేసారి చదువుకుంటున్నాం. నేను చదివేశానని ఆవిడ ఫోనులోది మాయం కాలేదు. ఆ సంగతి బుర్రకెక్కింది. ఎక్కినా ఫోను సంచిలో పడేసి కిటికీలోంచి చెరుకు బళ్ళు చూస్తూ కూర్చున్నాను. తొమ్మిదో తరగతి పిల్ల ముందు తగ్గడం నా వల్ల కాలేదు.

ఆ పిల్ల నాతో వాదించలేదు. నా రూలుకి తగ్గట్టే నడుచుకుంది. బుధవారం బడయ్యాక ఎవరిదో సైకిలు అడిగి తీసుకుని, తొక్కుకుంటూ ఆ పదో తరగతి పిల్ల ఊరు వెళ్ళింది. అమ్మవారు పోసిన ఇల్లు, గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి, లోపలికి రానివ్వరు. గేటు బయట నిలబడి కేకేసి, వరండాలో మంచం మీద ఉన్న పిల్ల చేత చీటీ రాయించుకుంది. గురువారం పొద్దున దాన్ని నా టేబులు మీద పెట్టింది.

"నేను తీసుకున్న వ్యాసం చదవడం అయిపోయింది. తిరిగి ఇచ్చేస్తున్నాను. దాన్ని ఈ చీటీ తెచ్చిన అమ్మాయికి ఇవ్వగలరు." కింద సంతకం. మూలన పసుపు మరక.

"అమ్మవారు పోసిన ఇంటికి వెళ్ళావా! నీకు బుద్ధుందా లేదా?" అని ముందు ఒక కేక వేశాను. తర్వాత చీటీని కొసన పట్టుకుని చదివాను. తప్పు వెతకాలని చదివానేమో, దొరికింది.

"తేదీ ఏదీ?"

పిల్ల చీటీ వైపు చూసింది, నా వైపు చూసింది.

"తేదీ లేకుండా రిటర్న్ ఏమని రాసుకోవాలి? వేయించుకురా."

 చీటీ తీసుకుని వెళ్ళింది. ఆ సాయంత్రం మళ్ళీ అంత దూరం సైకిలు తొక్కింది.

శుక్రవారం మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టగానే తేదీ ఉన్న చీటీతో వచ్చింది. పద్ధతిగా పాతది కొట్టేసి, కొత్తగా దీని పేరు రాసి, వ్యాసం తెరిచి ఇచ్చాను. కూర్చోబోతుంటే దాని కాలు కింద ఉన్న సి.పి.యు.కి తగిలింది. గబుక్కున వంగి దాన్ని తాకి కళ్ళకద్దుకుంది. అది చూశాక నాకు నా టేబులు దగ్గర కూర్చోబుద్ధి కాలేదు. అన్నం కూడా తినకుండా రాసుకుంటోంది, పాపం, ఇంగ్లీషు మాట మాటకీ ఆగిపోతోంది. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు బీరువాలోంచి తీసి దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అన్నేళ్ళలో ఒక పిల్ల పక్కన కూర్చుని చదవడం అదే మొదలు. పిల్లలకి ఎదురుగా కూర్చోవడమే తెలుసు నాకు.

ఆ వ్యాసంలో ఒక బొమ్మ ఉంది. భూమిని నిలువునా కోసి చూపించినట్టు. పైన పల్చగా తియ్యటి నీళ్ళు, వానలవీ కాలవలవీ దిగి నిలిచినవి. వాటి కింద ఎప్పటివో సముద్రపు నీళ్ళు. ఇలాంటి నేలలో లోతుకి వెళ్ళేకొద్దీ ఉప్పే తగులుతుంది, పైపైనే కొంచెం కొంచెంగా తోడుకోవాలి అని రాశారు.

"చూశారా మేడమ్! నేను చెప్పలా?" అని పిల్ల గట్టిగా నవ్వేసింది. లైబ్రరీలో అంత గట్టిగా నవ్వినందుకు ఇంకెవరినైనా బయట నిలబెట్టేదాన్ని. దాన్ని ఏమీ అనలేదు. బొమ్మ రంగుపెన్సిళ్ళతో దించుకుని, నాలుగింటికి బస్సు అందుకోవడానికి పరిగెత్తింది. ఎంత మంచిదాన్నో కదా నేను అనుకుంటూ ఇంటికెళ్ళాను. ఆదివారం చర్చిలో పాటలన్నీ గొంతెత్తి పాడాను.

సోమవారం ఆ పిల్ల మంచినీళ్ళ సీసా ఒకటి తెచ్చి నా టేబులు మీద పెట్టింది.

"ఏంటిది?"

"మా కొత్త బోరు నీళ్ళండీ. ఆ పదో తరగతి అక్క ప్రాజెక్టుకి పనికొస్తాయని తెచ్చాను."

నాకు వెంటనే అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. శుక్రవారం పొద్దున అది బడికి బయల్దేరిన కాసేపటికే బోరు బండి వచ్చేసింది. సాయంత్రం నోట్సు పట్టుకుని చేలోకి పరిగెత్తేసరికి గొట్టంలోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. ఊరంతా చుట్టూ నిలబడి ఉన్నారు. తండ్రి దోసిలి పట్టి, పుక్కిట పోసుకుని, ఉమ్మేశాడు.

"నోట్సు చూపించావా?"

"చూపించానండీ. బొమ్మ కూడా చూశాడు. నిన్న తెచ్చున్నా ఆపేవాణ్ణి కదమ్మా అన్నాడు."

శుక్రవారానికి నిన్న అంటే గురువారం. తేదీ లేదని నేను చీటీ తిప్పి పంపిన రోజు.

"ఆలస్యం ఎందుకయిందని అడగలేదా?"

"అడిగాడండీ. నేనే అశ్రద్ధ చేశానని చెప్పాను."

 సీసా మూత తీశాను. "తాగకండి మేడమ్, బాగా ఉప్పండీ," అని అది చెయ్యి అడ్డం పెట్టింది. చెయ్యి తీసేసి తాగాను. గొంతు దిగలేదు. ఉమ్మడానికి మొహం చెల్లక మింగాను. కళ్ళలో నీళ్ళు తిరిగితే, ఉప్పు వల్లనే అనుకుందేమో, పరిగెత్తుకెళ్ళి కుండలోంచి గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

కంప్యూటర్లు బిగించిన అబ్బాయికి అప్పటికప్పుడు ఫోను చేశాను. "నాలుగింటి మీదా ఒకేసారి తెరవచ్చు మేడమ్. ఒకే వ్యాసం నలుగురూ చదవచ్చు. ప్రింట్లు కూడా ఎన్నైనా తీసుకోండి," అన్నాడు. మూడు నెలల కిందటే అడిగి ఉంటే ఒక్క నిమిషం పట్టేది. ఫోను పెట్టేసి, స్టాకు రిజిస్టరు చివరి పేజీ చూసి, పాస్‌వర్డు బ్లాక్‌బోర్డు మీద అరచేయంత అక్షరాలతో రాశాను. అగ్నిపర్వతాల పిల్లలు ముగ్గురినీ క్లాసులోంచి పిలిపించి మూడు కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టాను. వాళ్ళు తిట్టడానికి పిలిచాననుకుని బిక్కుబిక్కుమంటూ చూశారు. చదవండర్రా అని మళ్ళీ అరవాల్సి వచ్చింది.

"రేపు మీ నాన్నని తీసుకురా," అన్నాను ఆ పిల్లతో. దాని మొహం పాలిపోయింది. మా బడిలో ఆ మాటకి ఒకటే అర్థం.

మర్నాడు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గుమ్మం బయటే చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కూతురు ఏం తప్పు చేసిందోనని అడగడానికి కూడా భయపడుతున్నాడు. కూర్చోండి అంటే కూర్చోలేదు. ఆయన్ని కంప్యూటరు ముందుకి తీసుకెళ్ళి ఆ బొమ్మ చూపించాను. పిల్ల మొత్తం తెలుగులో చదివి వినిపించింది.

ఆయన తెర వైపే చూస్తూ అడిగాడు. "ఇది ముందు నుంచీ ఇక్కడ ఉందాండీ?"

"లేదు నాన్నా, నేనే..." అని పిల్ల మొదలెట్టింది.

"నువ్వాగు," అన్నాను. "ఉందండీ. మూడు నెలల నుంచీ ఉంది. మీ అమ్మాయి బుధవారం అడిగింది, సోమవారం అడిగింది, గురువారం చీటీ కూడా తెచ్చింది. నేనే ఇవ్వలేదు. తప్పు నాది. దాన్నేమీ అనకండి."

ఇరవై నాలుగేళ్ళలో ఆ గదిలో ఆ మాట నేననడం అదే మొదలు. తాళాల గుత్తి గట్టిగా పట్టుకున్నాను.  పిల్ల జడ రిబ్బను ఊడి వేలాడుతుంటే, ఆయన వంగి దాన్ని ముడివేశాడు.

"పోన్లెండి మేడమ్ గారూ," అన్నాడు. "పాత బోరుంది కదా, పైపైనే తోడుకుంటాంలే. ఈ ఏటికి నారు గట్టెక్కిచ్చుకుంటాం." తర్వాత కొంచెం మొహమాటపడుతూ అన్నాడు. "మా పక్క చేను ఆయన కూడా ఎల్లుండి లోతు బోరు వేయిస్తన్నాడండీ. ఈ బొమ్మ ఆయనకీ చూపిద్దామని. మా అమ్మాయి పేరు మీద రాశారంట కదా. ఇది తిరిగిచ్చేసి, ఆయన పేరు రాయించుకోవాలాండీ?"

ఎగతాళికి అడగలేదు మహానుభావుడు. నిజంగానే అడిగాడు. ఆ ప్రశ్న వింటుంటే భూమిలోకి కుంగిపోయినంత పనైంది నాకు.

"అక్కర్లేదండీ. ఎంతమందికైనా చూపించండి," అన్నాను. ప్రింటరులో కాగితాలు అయిపోయేదాకా ఆ వ్యాసం ప్రింట్లు తీశాను. ఒక్కో దానికీ బొమ్మ పక్కన తెలుగులో రెండు ముక్కలు ఆ పిల్ల రాసింది. ఆయన వాటిని చొక్కా లోపల, పొట్ట దగ్గర పెట్టుకుని, నలగకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని వెళ్ళాడు. పక్క చేను ఆయన బోరు బండిని వెనక్కి పంపించేశాడని ఆ శనివారం పిల్ల వచ్చి చెప్పింది. ఎగిరి గంతేసినంత సంతోషమైంది నాకు. అయినా రిబ్బను సరిగ్గా కట్టుకోమని కసిరే పంపించాను.

రెండేళ్ళ తర్వాత నేను రిటైరైన రోజున, కొత్తగా వచ్చినావిడ రిజిస్టర్లన్నీ సరిచూసుకుంది. పుస్తకాలన్నీ లెక్కకి సరిపోయాయి. చివర్లో నా ఆన్‌లైన్ ఇష్యూ రిజిస్టరు తిరగేసి, "ఇందులో ఈ ఒక్కటి మాత్రం రిటర్న్ రాలేదేంటండీ?" అని అడిగింది.

"అది రాదమ్మా. ఆ పిల్ల పేరు అలాగే ఉండనియ్యి," అన్నాను.

ఇప్పటికీ నేను "ఇరవై ఆరేళ్ళు" అనగానే "ఒక్క పుస్తకం పోలేదు" అని మా ఇంట్లో వాళ్ళు నవ్వుతూ పూర్తి చేస్తారు. ఒక గురువారం పోయింది అని నేను కలుపుతాను.